ఆరు సెంట్ల మాట

పంచాయతీ ఆఫీసు బీరువాలో
చెదలు తిన్నంత తిని వదిలేసిన రిజిస్టరు.
నలభై రెండో పేజీ, కాలవ గట్టు పక్కన:
బందెలదొడ్డి. ఆరు సెంట్లు. ఇటికల గోడ. తలుపు ఒకటి.
కంప్యూటర్లో ఖాళీ గడి నన్నడుగుతోంది:
ప్రస్తుత వినియోగం?

నాకు తెలిసిన మొదటి దొడ్డి బడిలోది.
రెండు వేళ్లెత్తి "దొడ్డికండీ" అంటే
వెనక బెంచీ కిసుక్కుమనేది.
పశువుల్ని కట్టే చోటుకీ
మనం సిగ్గుపడే పనికీ ఒకటే మాటేంటండీ అంటే
"రెండూ ఇంటి వెనకేగదే" అన్నారు మాస్టారు.
పాఠం అక్కడితో సరి.

మా తాత పోలయ్య ఈ దొడ్డికి కాపలా.
పొరుగోడి నారుమడి మేసిన గొడ్డు
బందె కట్టేదాకా ఆయన ఖైదీ.
గేదెకి అర్ధరూపాయి, దూడకి పావలా,
మేకకి బేడ. మేత ఖర్చు వేరే.

బందె అంటే బంధమేనే, అనేవాడు.
బంధువు కూడా అందులోంచే పుట్టాడు,
పలుపు కనపడదు, అంతే తేడా.
ఆయనకి ఇవన్నీ ఎవరు చెప్పారో!
సొంతంగా అల్లుకున్నాడేమో కూడా.

పాడిగేదెని బందెలో పెడితే
పొదుగు రాయిలా బిగిసి రాత్రంతా అరుస్తుంది.
ఏటి పాయ అవతల లంకలో దూడ అరుస్తుంది.
సూరాడ నూకాలు దగ్గర అర్ధరూపాయి లేదు,
చంటిపిల్ల ఉంది.
తాత తాళం తీసేవాడు కాదు, రూలు రూలే.
నాయనమ్మే కుచ్చిళ్లు దోపి గోడ దూకి
చీకట్లో పొదుగు తడుముకుని పిండి
చెంబు మీద తామరాకు కప్పి రేవు దాటించేది.
పొద్దున్నే మునసబు గుమాస్తా రాసుకునేవాడు:
గేదె ఒకటి. పాలు లేవు.
దాని కింద తాత వేలిముద్ర,
ఏమీ ఎరగనంత నల్లగా.

జీతం కోసం మునసబుగారింటికి వెళ్లినా
తాతది దొడ్డిగుమ్మమే.
ముందరి అరుగుకి మెట్లెన్నో ఆయనకి తెలీదు.
వెనక కుడితి గోళెం ఎంత లోతో తెలుసు.

నాకు ఉద్యోగం వచ్చిన వారానికి
టీకొట్టు దగ్గర ఎవరో అన్నారు
"దొడ్డిదారిన వచ్చిందిలే."
నా మార్కులు నాలుక చివరిదాకా వచ్చాయి.
మింగేశాను.
దొడ్డిదారేనండి, కాదన్నదెవరు?
ముప్పయ్యేళ్లు మా తాత కాళ్లు అరగదీసిన దారి.

దొడ్డ మనసు అంటాం, దొడ్డ ఇల్లాలు అంటాం.
ఆ దొడ్డకీ ఈ దొడ్డికీ చుట్టరికం ఏమన్నా ఉందా అని
లైబ్రరీలో నిఘంటువు తిరగేశాను.
రెండూ ఒకే పేజీలో ఉన్నాయి,
పలకరించుకోని పక్కింటివాళ్లలా.
నాకేమీ తేలలేదు.

మధ్యాహ్నం చూడ్డానికెళ్లాను.
నారుమళ్లు ఉండే చోట రొయ్యల చెరువులు,
ఏరేటర్ల రొద.
పడి మేయడానికి గొడ్డేదీ? మేసిందనడానికి చేనేదీ?
గోడ మాత్రం ఉంది, నా భుజం ఎత్తున.
సందులోంచి చూస్తే లోపల కొబ్బరిడొక్కల కుప్ప,
దాని పక్కన ఒక్క రాట.
పలుపు ఒరిసి ఒరిసి పడ్డ గాడి
ఇంత దూరం నుంచే కనిపిస్తోంది.

తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది.
తాళంచెవి ఎవరి దగ్గరుందో రిజిస్టర్లో లేదు.
ఫోను బ్యాగులో పడేశాను.
అటూ ఇటూ చూశాను.
కుచ్చిళ్లు దోపాను.